ముందు సెషన్, ఆ తర్వాతే కాష్

టింగ్.

ముందుగా ఆ చప్పుడే వినిపించింది. కుళాయి ధార మీదుగా, గిన్నెల మోత మీదుగా, ముందుగదిలోంచి, సన్నగా, ఒక్కసారే. సబ్బు నురగలో మునిగిన నా చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మోగింది మా ఆయన ఫోను. వచ్చిన మెయిలు మాత్రం నాది. నా ఫోను గట్టు మీద, ఉప్పుడబ్బా పక్కన, బోర్లా పడుకుని ఉంది. దాని నోరు ఎప్పుడో కట్టేశాను. రెండు చోట్ల మోగితే ఎవరు ముందు చూస్తారోనన్న పందెం మొదలవుతుందని, ఆ పందెంలో గెలిచినా ఓడినా నాకే ప్రమాదమని, నాకు నేనే చేసుకున్న ఏర్పాటు అది. తడిచేతులతో నిలబడి లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఆయన చదివేస్తున్నారు. ఇప్పుడు మొదటి వరుస. ఇప్పుడు రెండోది. ఇప్పుడు నవ్వుతారు, లేదా నవ్వరు.

"ఏమోయ్," ముందుగదిలోంచి గొంతు వచ్చింది, నవ్వుతూనే. "మీ ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజట. రేపు కేకు కోస్తారట, అందరూ తలో చెయ్యీ వెయ్యాలట. నువ్వు ఆగక్కర్లేదు, టైముకి వచ్చెయ్. ఎలాగూ నీకు తీపి పడదుగా?"

"పడదండీ," అన్నాను.

నాకు తీపంటే ప్రాణం. కుళాయి మళ్ళీ తిప్పాను.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన నా ఫోను చేతిలోకి తీసుకుని, "మనలో మనకి దాపరికాలేమిటి? నీ ఫోను నాది, నా ఫోను నీది," అన్నారు. ఆ మాటలో మొదటి సగం ఆ సాయంత్రమే అమలైంది. రెండో సగం సంగతి నేను అడగలేదు, ఆయన ఎత్తలేదు. నా మెయిలును తన ఫోనులో తెరిచారు. పాస్‌వర్డు కూడా తానే మార్చి, తన పేరే పెట్టారు. "మర్చిపోవు కదా?" అని నా ముక్కు పట్టుకుని ఊపారు. అప్పుడు నాకది ప్రేమగానే వినిపించింది. కొత్త పెళ్ళికూతురి చెవులు మరి. ఆనాటి నుంచి ఆయన పేరు కొడితే గానీ నా ఉత్తరాల గుమ్మం నాకే తెరుచుకోదు. ఆనాడు ఆయన లోపలికి వచ్చారు, మళ్ళీ బయటికి వెళ్ళలేదు.

విచిత్రమేమిటంటే, అలా లోపలికి వచ్చి వెళ్ళడం మరిచిపోయిన వాళ్ళను బయటికి పంపడమే నా ఉద్యోగం.

మాది మందులు పంపిణీ చేసే కంపెనీ. ఊరూరా గోదాములు, గోదాముకొక స్టోరుకీపరు, వాళ్ళ మీద లెక్కలవాళ్ళు. ఏ మందు ఎంత మిగిలింది, ఏది ఎప్పుడు కాలం తీరుతుంది అన్న రిపోర్టులన్నీ బ్రౌజరులోనే చూస్తారు. లోపలికి అడుగుపెట్టిన క్షణం నుంచి బయటికి వెళ్ళే క్షణం దాకా ఒక్కొక్కరి పేరు మీద సర్వరులో ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. దాన్నే మేము సెషన్ అంటాం. దీపాలకు లెక్కుంది. ఉన్నవన్నీ వెలుగుతుంటే కొత్తగా వచ్చినవాడికి చోటుండదు. జనమేమో టీకి వెళతారు, భోజనానికి వెళతారు, ఇంటికే వెళ్ళిపోతారు. దీపం ఆర్పి వెళ్ళాలన్న ధ్యాస ఒక్కరికీ ఉండదు. అప్పుడు నా బల్ల మీద ఫోను మోగుతుంది.

"సపోర్టమ్మా! లోపలికి రానివ్వట్లేదమ్మా. లారీ గుమ్మంలో ఉంది, డ్రైవరు నా నెత్తి మీద ఉన్నాడు."

"ఒక్క నిమిషం అన్నయ్యగారూ. మీ గోదాములోనే ఎవరో పొద్దున తెరిచి వదిలేశారు."

"ఎవడమ్మా వాడు?"

"మీరేనండీ. పైఅంతస్తు కంప్యూటర్లో."

అటువైపు కాసేపు లారీ ఇంజను మాత్రమే వినిపిస్తుంది. "అలాగా. అయితే వాణ్ణి మెడబట్టి బయటికి గెంటెయ్యమ్మా."

గెంటేస్తాను. ఆ తర్వాత కాష్ శుభ్రం చేస్తాను. కాష్ అంటే నకళ్ళ అర. ఒకరు అడిగిన రిపోర్టుకు యంత్రం ఒక నకలు తీసి దాచుకుంటుంది, ఇంకొకరు అడిగితే చప్పున చేతిలో పెట్టడానికి. మంచిదే. కానీ నిన్నటి నకలు అరలో ఉండిపోతే అదే ఇవాళ్టి నిజంగా చలామణీ అవుతుంది. అయిపోయిన మందు ఉన్నట్టు కనిపిస్తుంది, ఎక్కడో ఎవరో దాన్ని నమ్ముకుని ఎదురుచూస్తారు. మా అత్తగారికి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఒకటే వేళాకోళం: "రోజూ క్యాష్ శుభ్రం చేస్తానంటావు, ఇంటికి చిల్లిగవ్వ తేవేమే అమ్మాయ్?" నా జీతం ఏ ఖాతాలో పడుతుందో, ఆ ఖాతా ఎవరి ఫోనులో తెరుచుకుంటుందో ఆవిడకూ తెలుసు. నవ్వేసి ఊరుకుంటాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. ముందు సెషన్, ఆ తర్వాతే కాష్. మనిషి లోపల ఉండగానే నకళ్ళు చెరిపితే, అతని బ్రౌజరు కిటికీలో తెరిచి ఉన్న పాత రిపోర్టే మళ్ళీ నకలై అరలో కూర్చుంటుంది. పైగా తన కళ్ళముందే ఏదో మాయమైందని అతనికి తెలిసిపోతుంది. ముందు మనిషిని పంపాలి, తర్వాత అర తుడవాలి. ఈ వరుస నేను నిద్రలో అడిగినా చెప్పగలను. పంపేముందు ఒక మాట చెప్పి పంపడం మాత్రం నేనుగా చేర్చిన పద్ధతి. అంతకుముందు యంత్రం చెప్పాపెట్టకుండా తలుపు మూసేసేది; సగం చేసిన పని గంగపాలయ్యేది. నేను ఒక చిన్న సందేశం రాసి పెట్టాను: "కాసేపట్లో మీ సెషన్ ముగుస్తుంది. చేస్తున్న పని భద్రపరచుకోండి. మళ్ళీ రండి." చెయ్యమని ఎవరూ అడగలేదు. చేశాక ఎవరు చేశారనీ అడగలేదు. సర్వరు చిట్టాలో చేసినవారి పేరు దగ్గర 'అడ్మిన్' అని ఉంటుంది, అంతే.

కానీ ఎవరో అడిగారట. ఆ రిపోర్టుల సాఫ్టువేరు తయారుచేసే కంపెనీ పెద్దావిడ మా మేనేజరును అడిగి నా మెయిలు తీసుకున్నారట. వేరే ఊళ్ళో ఉన్న తమ ఆఫీసులో ఉద్యోగమిస్తామని, మాట్లాడడానికి వీలెప్పుడని రాశారట. ఈ 'అట'లన్నీ ఎందుకంటే, వచ్చినప్పుడు ఆ ఉత్తరం నా కంటపడనే లేదు. కరెంటు బిల్లు రసీదు కోసం పంపిన ఉత్తరాలలో వెతుకుతుంటే జవాబు దొరికింది, దాని కిందే ఆవిడ రాసినదీ. "గౌరవనీయులైన మేడమ్‌గారికి, మీ ఆదరణకు కృతజ్ఞురాలిని. కుటుంబ బాధ్యతల రీత్యా ఈ అవకాశాన్ని స్వీకరించలేకపోతున్నాను. నా భర్త ఎంతగా ప్రోత్సహిస్తున్నప్పటికీ ఇది నా సొంత నిర్ణయం." కింద నా పేరు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగి మళ్ళీ చదివాను. అబద్ధమాడినందుకు కాదు, ఎంత శ్రద్ధగా ఆడారో చూసి. ఆయన ఆఫీసు ప్రజెంటేషన్ల బొమ్మలూ పట్టికలూ ప్రతి నెలా ఆదివారమంతా కూర్చుని నేనే చేసిస్తాను. "మా ఆవిడ కాస్త టైపు కొట్టింది," అని స్నేహితులతో అంటారు. వాటిలో ఒక్క వాక్యం సొంతంగా రాయలేని మనిషి, నేనై రాయడానికి మాత్రం ఇంత అందమైన భాష ఎక్కడ దాచుకున్నారో!

అప్పుడు చేశాను ఆ పని. నా వృత్తి తెలిసిన మనిషి ఎవరూ చెయ్యకూడని పని. భయంతో ఆ ఉత్తరం చెరిపాను, దానికి ముందున్నది చెరిపాను, కంపెనీ పేరున్నవన్నీ ఏరి ఏరి చెరిపాను. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలియకూడదన్నదొక్కటే ధ్యాస. సెషన్ తెరిచే ఉంది. అవతల మనిషి లోపలే ఉన్నారు. ఆయన కళ్ళముందే ఒక్కొక్కటీ మాయమవుతూ వచ్చింది.

ఆ సాయంత్రం టీ కప్పు అందుకుంటూ, "ఏం చెరిపావు?" అని అడిగారు.

"ఏం లేదండీ. పాతవి."

"పాతవా." ఊదుకుని ఒక గుటక తాగారు. "పాతవి ఉండనీవోయ్. జ్ఞాపకాలు."

మర్నాడు నా ఫోను రిపేరుకు వెళ్ళింది. దానికి జబ్బేమిటో నాకు తెలియదు. మా ఆఫీసుకు ఆయనే ఫోను చేసి నాకు ఒంట్లో బాగాలేదని చెప్పారు. ఒక వారం, ఏ జబ్బూ లేకుండా, ఏ ఫోనూ లేకుండా, ఇంటి నాలుగు గోడల మధ్య జబ్బుమనిషినై కూర్చున్నాను. పరామర్శకు వచ్చిన ఆడబిడ్డ, "అదృష్టవంతురాలివి వదినా. మా ఆయనైతే నాకు జ్వరమొస్తే థర్మామీటరు ఎక్కడుందో కూడా తెలీదంటాడు," అంది. ఆయన ఎన్నడూ నా మీద చెయ్యెత్తలేదు. గొంతు కూడా ఎత్తరు. ఇంకా దించుతారు. కేక వేస్తే బాగుండునని నేను కోరుకున్న రోజులున్నాయి. కేకకు ఒక ముగింపు ఉంటుంది. ఆ మెత్తని గొంతుకు ముగింపు లేదు. అది నీళ్ళలా గుమ్మం కింద నుంచి వచ్చి గదంతా నిండుతుంది, పాదాలు తడిసేదాకా వచ్చినట్టే తెలియదు.

కేకు కోసే రోజు మధ్యాహ్నం నా బల్ల మీద ఫోను మోగింది.

"సపోర్ట్," అన్నాను అలవాటుగా.

"'మళ్ళీ రండి' అని రాసింది మీరేనా?" ఆడగొంతు. పెద్ద వయసు. వెంటనే ఎవరో అర్థమైంది.

"నేనేనండీ."

"పోయినసారి రానని రాశారు. చాలా అందంగా రాశారు. కానీ నాకో అనుమానం పీకుతూనే ఉందమ్మా. తలుపు మూసేటప్పుడు కూడా 'మళ్ళీ రండి' అనే మనిషి, 'బాధ్యతల రీత్యా' అని రాస్తుందా అని. నాది చాదస్తమైతే చెప్పండి, పెట్టేస్తాను."

నోరు తెరిచాను. నా నోట్లోంచి ఆయన వాక్యమే బయలుదేరింది. "కుటుంబ బాధ్యతలు..." అని మొదలై సగంలో ఆగింది. నిన్నటి నకలు. నా అరలో ఆయన దాచిన నకలు, నేను అడగకుండానే నా నాలుక మీదికి వచ్చింది.

"సరేనమ్మా," అని ఆవిడ నిట్టూర్చారు.

"పెట్టేయకండి," అన్నాను. అది ఎవరి గొంతో పోల్చుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. "పెట్టేయకండి మేడమ్. వస్తాను. అంటే, మాట్లాడతాను."

"రేపు పొద్దున పదింటికి వీడియోలో మాట్లాడదాం. సెలవేగా? ఐదింటిలోపు మీ మెయిలుకు లింకు వస్తుంది."

"మెయిలు వద్దండీ..."

"మా పద్ధతి అదమ్మా, దానంతటదే వెళ్ళిపోతుంది. ఏం, ఏమైనా ఇబ్బందా?"

పక్క సీటు అమ్మాయి కేకు ముక్క కాగితం పళ్ళెంలో పెట్టి నా ముందుకు తోసింది, కనుబొమలతోనే ఏమిటని అడిగింది. "ఇబ్బందేం లేదండీ," అని ఫోను పెట్టేశాను. ఐదింటిలోపు ఆ చప్పుడు ఆయన చేతిలో మోగుతుంది. మళ్ళీ ఒక అందమైన జవాబు వెళుతుంది. ఈసారి ఆ పెద్దావిడకు అనుమానం కూడా రాదు, ఎందుకంటే 'కుటుంబ బాధ్యతలు' అన్న మాట నా నోటే విన్నారు.

కేకు ముక్క మొత్తం తినేశాను. ఏమిటో, భయంలో అంత తియ్యగా ఉంటుందని తెలియదు. తర్వాత నా మెయిలు తెరిచి, ఇన్నేళ్ళలో ఒక్కసారీ తొక్కని గడప తొక్కాను. 'మీరు లాగిన్ అయి ఉన్న పరికరాలు.' రోజూ వందమందివి చూసే పట్టికే. నాది చూడడానికే చేతులు రాలేదు ఇన్నాళ్ళూ. నా ఫోను. ఈ కంప్యూటరు. ఆయన ఫోను. ఆయన ట్యాబు. ఆయన ఆఫీసు కంప్యూటరు. ఆ కింద ఇంకొకటి. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టాను, అది ఆడబిడ్డ ఇంటి కంప్యూటరు. "మెడనొప్పి ఎలా ఉంది వదినా?" అని ఆమె పోయిన నెలలో అడిగినప్పుడు, నా మెడనొప్పి సంగతి డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదే అనుకున్నాను. డాక్టరు రాసిన మెయిలు ఆ ఇంట్లో కాఫీలు తాగుతూ చదివి ఉంటారు. ఒక మనిషి చూస్తున్నాడనుకుని బతికాను. గదినిండా మనుషులున్నారు.

తాళం మార్చకుండా తలుపు మూస్తే, తాళంచెవి ఉన్నవాడు మళ్ళీ తెరుచుకుంటాడు. కాబట్టి ముందు పాస్‌వర్డు. ఆయన పేరు చెరిపి ఖాళీ గడి ముందు కూర్చున్నాను. నా పేరు కొట్టాలనిపించింది. పేర్లు పాస్‌వర్డులుగా పనికిరావని గోదాముల వాళ్ళకు రోజూ చెప్పేది నేనే. పేరు దాచుకునే వస్తువు కాదు, ఎక్కడైనా గట్టిగా చెప్పుకోవలసిన వస్తువు. ఎక్కడ చెప్పుకున్నాను కనక? ఆయనకు ఏమోయ్‌ని, అత్తగారికి అమ్మాయ్‌ని, గోదాములకు సపోర్టమ్మని, సర్వరుకు అడ్మిన్‌ని. ఏదో పొడుగాటి వాక్యం, ఒకప్పుడు నేను రాసి చింపేసిన కవితలోని పాదమొకటి, కొట్టాను. తర్వాత, పాస్‌వర్డు మరిచిపోతే సాయం కోసం ఇచ్చిన నంబరు మార్చబోతే యంత్రం మర్యాదగా చెప్పింది: ఈ మార్పు సంగతి పాత నంబరుకు తెలియజేస్తాము. పాత నంబరు ఆయనది.

అంటే చప్పుడు కాకుండా చేసే దారి లేదు. చప్పుడు కాకుండా బతకడమే ఇన్నాళ్ళూ నా పద్ధతి. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కూడా నేలను అనుమతి అడిగేదాన్ని. అప్పుడు తోచింది, ముక్కూమొహం తెలియని స్టోరుకీపర్లకు చెప్పి పంపే మాట, ఏడడుగులు నడిచిన మనిషికి చెప్పకుండా ఎందుకు ఉండాలి? ఫోను తీసి ఆయనకు మెసేజి పెట్టాను.

"కాసేపట్లో నా మెయిలులో మీ సెషన్ ముగుస్తుంది."

ఎప్పుడూ రాసే చివరి మాట వేళ్ళ చివరిదాకా వచ్చింది. రాయలేదు.

నంబరు నాది పెట్టి, నా రెండు పరికరాలూ వదిలి మిగతావన్నీ గుర్తుపెట్టి, 'బయటికి పంపు' అన్న చోట నొక్కాను. ముందు సెషన్. పట్టికలో ఒక్కొక్క పేరూ ఆరిపోయింది. రెండే దీపాలు మిగిలాయి, రెండూ నావే. ఐదింటిలోపే లింకు వచ్చింది. ఎక్కడా ఏ చప్పుడూ కాలేదు. తర్వాత ఫోను మోగడం మొదలుపెట్టింది, ఆయన నుంచి. ఆగి మళ్ళీ. ఆగి మళ్ళీ. ఎత్తలేదు. ధైర్యంతో కాదు, చెయ్యి కదలక.

ఇంటికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. బస్సులో కూర్చోలేక నిలబడ్డాను, నిలబడలేక కూర్చున్నాను. మెట్లెక్కుతుంటే మా తలుపు అవతల నిశ్శబ్దం ఎంత దట్టంగా ఉందో ఇవతలికే తెలుస్తోంది. లోపల ఆయన తన కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని ఉన్నారు. సోఫా చివర అత్తగారు, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

"వచ్చావా. కూర్చో," అన్నారు. కూర్చున్నాను. "మెసేజి బాగుంది. ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేదండీ. రోజూ రాసేదే."

"రోజూ పరాయివాళ్ళకి రాస్తావు. ఇవాళ నాకు రాశావు." గొంతు ఇంకో మెట్టు దిగింది. "గొడవేం లేదు. కొత్తది చెప్పు, కొట్టుకుంటాను. టీ తాగుదాం."

ఫోను నా వైపు చాపారు. తెర మీద ఖాళీ గడి, అందులో ఒక నిలువుగీత మిణుకుమిణుకుమంటోంది. ఎన్నేళ్ళ అలవాటో, నా వేళ్ళు వాటంతటవే దాని వైపు కదిలాయి. నేను వాటిని వెనక్కి పిలిచి ఒళ్ళో పెట్టుకున్నాను, ఒకదాన్ని ఒకటి పట్టుకునేలా.

"చెప్పనండీ."

"ఏమిటీ?"

"చెప్పను."

ఆయన నవ్వారు. "సరే. సోమవారం మీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. మళ్ళీ ఒంట్లో బాగాలేదని చెబుతాను. పోయినసారి నమ్మారుగా, పాపం."

పాదాలు తడిశాయి. చీలమండల దాకా వచ్చింది నీరు. అయినా అన్నాను, "చెయ్యండి. నేను అక్కడ నా సీట్లో కూర్చుని ఉన్నప్పుడు చెయ్యండి."

ఆయన లేచి గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకున్నారు. విసిరికొట్టలేదు. గొళ్ళెం పడిన ఆ చిన్న చప్పుడుకే నేను ఉలిక్కిపడ్డాను. వంటింట్లోకి వెళ్ళి, చేయడానికి ఏ పనీ తోచక, కడిగిన కప్పే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను.

వెనకాల అడుగులు. అత్తగారు. ఇప్పుడు నా పని పడతారనుకుని భుజాలు ముడుచుకున్నాను.

"వాడి నోట్లో మాట లేకుండా చేశావే," అన్నారు మెల్లగా. "నాకు కాళ్ళు వణుకుతున్నాయి అమ్మాయ్."

"నాకూ అత్తయ్యా."

ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, కొంగు చాటు నుంచి తన ఫోను తీశారు. "మా చెల్లెలూ నేనూ ఏం అనుకున్నా వాడికి ముందే తెలిసిపోతుంది. 'పిన్నితో నా మీద చాడీలు చెప్పావటగా' అంటాడు. ఎలా కనిపెడతాడబ్బా, తల్లి మనసు ఎరిగిన కొడుకు అని మురిసిపోయేదాన్ని కూడానూ. ఇందాక మీ మాటలు వింటుంటే..." ఆగారు. "ఇదీ వాడి దగ్గర మోగుతుందంటావా?"

చేతులు తుడుచుకుని చూశాను. పట్టికలో రెండే పేర్లు. ఒకటి ఆవిడది. "మోగుతుందత్తయ్యా."

ఆవిడ మొహంలో ఏదో ఒకటి కూలడం చూశాను. పెద్ద చప్పుడేం రాలేదు. "తీసేస్తే వాడికి తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"అయితే వద్దులే. ఇవాళ వద్దు. నీ అంత గుండె నాకు లేదు." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. వెనక్కి తిరగకుండానే వెళ్ళిపోయారు. ఫోను మాత్రం గట్టు మీద, ఉప్పుడబ్బా పక్కన, నా ఫోను పక్కనే ఉండిపోయింది. ఆవిడ వస్తువులు మరిచిపోయే మనిషి కాదు.

పొద్దున పది కావస్తుండగా వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఈ ఇంట్లో నాది అనిపించే చోటు అదొక్కటే, అదీ పని ఉన్నంతసేపే. తల దువ్వుకున్నాను. నీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను. ఆయన వచ్చి గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కానీ కానీ," అన్నారు. "నేనేం అడ్డు రాను. వింటాను, అంతే."

ఆయన వింటుండగా నేను నేనుగా మాట్లాడిన సందర్భం ఒక్కటైనా ఉందా అని వెతికాను; దొరకలేదు. అప్పుడు అత్తగారు బఠాణీల బుట్ట చంకన పెట్టుకుని వచ్చారు. "జరగరా," అని కొడుకును తోసి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా పీట వాల్చుకుని కూర్చున్నారు. ఆయన ఒక అడుగు వెనక్కి వెయ్యక తప్పలేదు.

"ఇక్కడేంటమ్మా? ముందుగదిలో కూర్చోవచ్చుగా."

"అక్కడ వెలుతురు లేదు," అన్నారు ఆవిడ, కిటికీ ఉన్న గదిని వదిలి వచ్చి. కాయ చిట్లిన చప్పుడు. గింజలు పళ్ళెంలో రాలిన చప్పుడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

తెర వెలిగింది. నెరిసిన జుట్టు, మందపు కళ్ళద్దాలు, వెనక ఏదో ఆఫీసు గోడ. పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"పోయినసారి మీ పేరు మీద ఒక జవాబు వచ్చింది," అన్నారు. "దాని సంగతి నేను అడగను. కానీ అప్పట్నుంచీ మీ పేరు కాగితం మీద చూస్తే నమ్మబుద్ధి కావడం లేదమ్మా. మిగతావన్నీ తర్వాత. ముందు మీ పేరు మీ నోట వినాలి. చెప్పండి."

గుమ్మం అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. గింజలు రాలడం ఆగింది. ఎక్కడైనా ఏదైనా మోగుతుందేమోనని నా చెవులు, పాపం, ఇంకా కాచుకునే ఉన్నాయి. ఏదీ మోగలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడెక్కడి తెరల మీదో, ఎవరెవరి జవాబుల కిందో తిరిగి తిరిగి అలిసిపోయిన నాలుగక్షరాలు. ఈ ఇంట్లో వాటి చప్పుడు ఎలా ఉంటుందో నాకే తెలియదు. గొంతు వణుకుతుందని తెలుసు. వణికితే వణకనీ అనుకున్నాను.

"మందాకిని," అన్నాను.